గుడుంబా పోస్తే సరిపోదా అన్నా?

మొన్న ఆదివారం పొద్దున బాల్కనీలో పెట్రోల్ సీసా ముందేసుకుని కూర్చుంటే అమ్మ చూసేసింది. "ఏందిరా ఇది, ఇల్లు అంటబెడ్తవా? గబ్బు వంటింటి దాకా వస్తుంది" అంటూ ముందు వెళ్లి స్టవ్ ఆపింది, ఆ తర్వాత వచ్చి తిట్టింది. ఆమె చేసిందే కరెక్టు. ఇది ఇంట్లో చేసే పని కాదు, మీరు చేయకండి, అంతగా చేయాలనిపిస్తే బయట ఖాళీ జాగాలో చేయండి.

నేను చేసింది పెద్ద ప్రయోగమేం కాదు, బంకు పెట్రోల్‌లో ఇథనాల్ అనే ఆల్కహాల్ ఎంత కలిపారో చూడటమే. కోఠిలో ల్యాబ్ సామాన్లమ్మే షాపులో కొన్న 100 మిల్లీలీటర్ల గాజు సిలిండర్ ఒకటుంది. అందులో 10 గీత దాకా నీళ్లు పోసి, స్వీట్లలో వేసే కేసరి రంగు చిటికెడు వేశా. ఆ పైన 90 మిల్లీలీటర్ల పెట్రోల్. మూత బిగించి రెండు నిమిషాలు ఊపి, పది నిమిషాలు కదపకుండా పక్కన పెట్టాలి. పెట్రోల్‌కి నీళ్లు పడవు. ఇథనాల్‌కి మాత్రం పెట్రోల్ కంటే నీళ్లంటేనే ఇష్టం, అందుకే ఊపగానే అది పెట్రోల్‌ని వదిలేసి కిందికి దిగి నీళ్లలో చేరిపోతుంది, పది దగ్గర ఉన్న కేసరి అంచు పైకి జరుగుతుంది. నాది 27 దగ్గర ఆగింది. అంటే 90లో 17, దాదాపు 19 శాతం. బంకులో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ అనే బోర్డుంది, చేతి లెక్కకి ఆ ఒక్క శాతం తేడా పట్టించుకోనక్కర్లేదు. తర్వాత వంద ఆక్టేన్ ప్రీమియం పెట్రోల్‌తో (ఆక్టేన్ అంటే ఇంజిన్‌లో వేడికి తనంతట తాను పేలకుండా తట్టుకునే శక్తికి కొలత) ఇదే చేస్తే అంచు పది దగ్గరే ఉండిపోయింది, అంటే ఇథనాల్ లేనట్టే. కార్ల పిచ్చి ఉన్నవాళ్లంతా దాన్ని వెతుక్కుంటూ ఊరంతా ఎందుకు తిరుగుతారో అప్పుడు కళ్లారా చూశా. 2020 డిసెంబర్‌లో ఈ రకం మొదట వచ్చినప్పుడే ఢిల్లీలో లీటరు 160 రూపాయలు, ఇప్పటికీ మామూలు పెట్రోల్‌తో పోలిస్తే జేబుకి చిల్లే.

అసలు ఈ సిలిండర్ ఎందుకు కొన్నానంటే, దాని వెనక ఒక ఏడుపు ఉంది.

నాది 2017 నాటి టర్బో పెట్రోల్ సెడాన్. కంపెనీ పేరు వద్దు, దానికీ ఈ కథకీ సంబంధం లేదు. ఆగస్టు వానల్లో ఒక రాత్రి ఆఫీసు నుంచి వస్తూ దారిలో ఓ బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించా. మూడు కిలోమీటర్లు వెళ్లానో లేదో కారు దగ్గడం మొదలుపెట్టింది, ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీస్ రోడ్డు మీద నిలబడిపోయింది, ఎన్ని సార్లు స్టార్ట్ చేసినా గుర్రు గుర్రు అని ఊరుకుంటోంది. రాత్రి పదకొండు, వాన, హజార్డ్ లైట్లు, టో వ్యాన్ వాడితో బేరం. ఆ టెన్షన్ సంగతి మీకు చెప్పేదేముంది.

మర్నాడు బాలానగర్‌లో మా ట్యూనర్ అన్న షెడ్డుకి చేర్చా. అన్న ట్యాంకు ఖాళీ చేయించి, ఒక లీటరు తెల్ల సీసాలో పట్టి కిటికీ గట్టు మీద పెట్టాడు. రెండు పొరలు. పైన పసుపు రంగులో తేటగా పెట్రోల్, కింద నాలుగు వేళ్ల మందాన మబ్బుగా ఇంకోటి. నేను "నీళ్లు కలిశాయి కదా" అన్నా. "ఉత్త నీళ్లు కాదన్నా" అని సిరంజితో కింది పొర కొంచెం లాగి, బయటికి తీసుకెళ్లి సిమెంటు ఇటుక మీద పోసి వెలిగించాడు. నీలంగా, అంచుల్లో కాస్త పసుపుగా మండింది. నీళ్లయితే మండవు కదా!

విషయం ఏంటంటే, పాత రోజుల్లో బంకు భూగర్భ ట్యాంకులోకి వాననీళ్లు కొంచెం దిగినా అవి అడుగున పడి ఉండేవి, పంపు అడుగుకి కాస్త పై నుంచి పీల్చేది, డిప్ రాడ్‌కి పేస్టు రాసి ముంచితే నీళ్లు ఎంత ఉన్నాయో తెలిసిపోయేది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అలా కాదు. కొద్దిపాటి తడిని అది తనలోనే కలిపేసుకుంటుంది, అంతవరకు ఇబ్బంది లేదు, ఒక రకంగా మంచిదే. కానీ ఒక హద్దు దాటితే ఒక్కసారిగా విడిపోతుంది. నీళ్లు, వాటితో పాటు ఇథనాల్‌లో పెద్ద భాగం కలిసి అడుక్కి దిగుతాయి. నా ట్యాంకులో జరిగింది అదే, నేను కొట్టించుకున్నదాంట్లో అడుగు సరుకు కూడా వచ్చింది. బంకు వాళ్లు "మా దగ్గర అలాంటిదేం లేదు సార్" అన్నారు, మేనేజర్ నంబర్ ఇచ్చారు, ఆ నంబర్ ఇప్పటికీ ఎవరూ ఎత్తలేదు. సరే వదిలేయండి. పంపు ఫిల్టర్, నాలుగు ప్లగ్గులు, ట్యాంకు కడిగిన కూలి, టో వ్యాను అన్నీ కలిపి పద్నాలుగు వేలు పోయాయి.

అక్కడ షెడ్డులో పనిచేసే పిల్లగాడు ఒకడున్నాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. నేనూ అన్నా ఇథనాల్ గురించి మాట్లాడుకుంటుంటే స్పానర్ తుడుచుకుంటూ వచ్చి, "అన్నా, గీ స్పిరిట్ పోస్తే కారు ఇంకింత ఉర్కుతదని మీరే అంటరు. మా ఊర్ల గుడుంబ దొర్కుతది, రెండు క్యాన్లు తెస్త, పోస్తే సరిపోదా అన్నా?" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నవ్వాక అన్న సీరియస్‌గానే చెప్పాడు, అది విన్నాకే నాకూ బాగా అర్థమైంది.

గుడుంబాలో నీళ్లు ఎక్కువ. దాన్ని మళ్లీ మళ్లీ కాచి ఎంత వంచినా 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ మిగిలిన నాలుగు శాతం చిల్లర నీళ్లు మామూలుగా కాచితే పోవు, ఇథనాల్‌తో కలిసే ఆవిరవుతాయి. పెట్రోల్‌లో కలపాలంటే 99.5 శాతం ఉండాలి. అందుకే ఇథనాల్ ఫ్యాక్టరీల్లో చివర మాలిక్యులర్ సీవ్ అని ఒకటుంటుంది, లోపల జియోలైట్ గుళికలు, వాటి రంధ్రాలు ఎంత సన్నవంటే నీటి అణువు దూరుతుంది, ఇథనాల్ అణువు దూరలేదు. పిండిని జల్లెడ పట్టినట్టే, కాకపోతే అణువుల లెక్కలో. బ్రెజిల్‌లో మాత్రం ఆ 95 శాతపు దాన్ని అలాగే బంకుల్లో అమ్ముతారు. పెట్రోల్‌తో కలపనంతవరకు ఆ కాసిన్ని నీళ్లతో ఇంజిన్‌కి గొడవ లేదు. "అట్లయితే మనూర్ల గుడుంబ బ్రెజిల్ పోవాలె" అన్నాడు పిల్లగాడు. వాడు పైకొస్తాడు.

ఇంతకీ కారు "ఇంకింత ఉర్కుతది" అన్నది నిజమా అంటే, నిజం. కానీ షరతులతో.

చేతికి శానిటైజర్ రాసుకున్నప్పుడు ఒక్కసారిగా చల్లగా అవుతుంది కదా, కోవిడ్ పుణ్యమా అని అది అందరికీ తెలుసు. అదే పని ఇంజిన్ సిలిండర్ లోపల జరుగుతుంది. కిలో పెట్రోల్ ఆవిరవడానికి దాదాపు 350 కిలోజౌళ్ల వేడి లాక్కుంటే ఇథనాల్ 900 దగ్గర లాక్కుంటుంది. పైగా ఇథనాల్ ఎక్కువ పోయాలి. పెట్రోల్ అయితే ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, అంటే వచ్చిన గాలికి సరిపడా పోయాలంటే ఒకటిన్నర రెట్లకు పైనే పోయాలి. ఈ రెండూ కలిస్తే లోపలికి వెళ్లే గాలి నాలుగు రెట్లు ఎక్కువ చల్లబడుతుంది. టర్బో కారుకి శత్రువు వేడి. మే నెలలో మన ఊళ్లో 42 డిగ్రీల ఎండలో ట్రాఫిక్‌లో నిలబడి, అప్పుడు కాలు తొక్కి చూడండి, బండి నీరసంగా లేస్తుంది, ఎందుకంటే నాకింగ్ (ఇంధనం తనంతట తానే పేలడం) వస్తుందన్న భయంతో ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, స్పార్క్‌ని వెనక్కి జరిపేస్తుంది. ఇథనాల్ ఆ భయం తీసేస్తుంది. దానికి తోడు దాని ఆక్టేన్ 108 పైనే. టర్బో నెట్టే గాలి ఒత్తిడి (బూస్ట్) పెంచొచ్చు, స్పార్క్ ముందుకు జరపొచ్చు, కంప్రెషన్ 13, 14 దాకా పెట్టొచ్చు.

దీనికి లెక్కలు చూపించడానికి స్వీడన్ వెళ్లాలి. కోనిగ్‌సెగ్ వాళ్లు 2007లో సీసీఎక్స్ఆర్ అని తెచ్చారు. పెట్రోల్‌తో నడిచే సీసీఎక్స్ 806 హార్స్‌పవర్, దాదాపు అదే ఇంజిన్‌ని ఈ85కి (85 శాతం దాకా ఇథనాల్) తయారు చేస్తే 1018. అప్పట్లో దీన్ని పర్యావరణం పేరు చెప్పి అమ్మారు, వెయ్యి హార్స్‌పవర్ పర్యావరణం! ఇప్పటి జెస్కో పెట్రోల్‌తో 1280, ఈ85తో 1600. అమెరికాలో డాడ్జ్ 2023లో చివరి వీ8ల్లో ఒకటిగా డీమన్ 170 తెచ్చింది, ఈ85 పోస్తే 1025, మామూలు ఈ10 పోస్తే 900. అదే కారు, అదే ఇంజిన్, బంకులో ఏ పైపు పట్టుకున్నామన్న దాన్ని బట్టి 125 గుర్రాలు తేడా. ఇండీకార్ రేసులు 2007 నుంచీ ఇథనాల్ మీదే నడుస్తున్నాయి, ఫార్ములా వన్‌లో 2022లో ఈ10 వచ్చింది. కాబట్టి "ఇథనాల్ పోస్తే బండి పాడు" అని ఆటో స్టాండ్ దగ్గర నుంచి ఐటీ క్యాంటీన్ దాకా అందరూ అనే మాట అర్ధసత్యం. పాడయ్యేది దానికోసం కట్టని బండి.

ఇప్పుడు మన బంకు దగ్గరికొద్దాం. ఇక్కడే నాకు కడుపుమంట.

పెట్రోల్‌లో ఇథనాల్ కలపడంలో 2022 జూన్‌లో దేశం 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధాని ఈ20 విడుదల చేశారు. సరిగ్గా ఐదు రోజులకి, ఫిబ్రవరి 11న, మన హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ, అంటే కరెంటు కార్ల రేసు జరిగింది. నేనూ వెళ్లా. కార్లు ఈల వేసుకుంటూ పోయాయి, పక్కన కూర్చున్న పెద్దాయన "సౌండేది?" అని రెండు గంటలూ అడుగుతూనే ఉన్నాడు. పెట్రోల్ కార్ల పని అయిపోయిందని ఆ రోజు నాకూ అనిపించింది. మర్నాటి ఏడాది ఆ రేసే రద్దయింది, అది వేరే రాజకీయం. మొత్తానికి 2030కి అనుకున్న 20 శాతాన్ని ముందుకు జరిపి 2025కల్లా చేసేశారు. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా అమ్మాలని వేసిన పిటిషన్‌ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న కొట్టేసింది. అంటే పాత బండి ఉన్నవాడికి ఇక వేరే దారి లేదు, వంద ఆక్టేన్‌కి డబ్బులు పెట్టగలిగితే తప్ప.

మైలేజీ పడుతుందా అంటే పడుతుంది, ఇందులో కుట్ర ఏమీ లేదు. లీటరు పెట్రోల్‌లో 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 ఉంటుంది. అయిదో వంతు కలిపితే మొత్తమ్మీద 7 శాతం తగ్గాలి. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రోడ్‌మ్యాప్‌లోనే పాత తరహా కార్లకి 6 నుంచి 7 శాతం, ఈ20కి సరిచేసిన వాటికి 1, 2 శాతం అని రాసి ఉంది. నా కారుకి ఓబీడీ డాంగిల్ (ఇంజిన్ లెక్కలు ఫోన్లో చూపించేది) పెట్టి చూస్తే ఈసీయూ లెక్క కంటే ఏడు శాతం ఎక్కువ ఇంధనం పోస్తోంది, ఓఆర్ఆర్ మీద వంద స్పీడులో 16 ఇచ్చేది 15 ఇస్తోంది. లీటరు వంద రూపాయలకి పైనే పెట్టి కొనే చోట ఆ ఒక్క కిలోమీటరు మనసులో గుచ్చుకుంటుంది. ధర తగ్గించి ఉంటే ఇన్ని తిట్లు ఉండేవి కావు.

అయితే మైలేజీ కాదు నా అసలు బాధ. ఆక్టేన్.

ఇథనాల్ ఆక్టేన్ 108.5, పెట్రోల్‌ది 84.4 అని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. ఈ 84.4 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. బీఎస్4 (2020కి ముందటి కాలుష్య నియమాలు) రోజుల్లో బంకులో దొరికేది 91. మరి ఈ 84 ఎక్కడిది? కలపబోయే ముందు ఉండే పెట్రోల్ అది. ఇథనాల్ ఎలాగూ లేపుతుంది కాబట్టి రిఫైనరీకి కింది పెట్రోల్‌ని మంచి రకంగా చేయాల్సిన పని తప్పింది. అమెరికాలో ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతి, ఇందులో మోసమేం లేదు, కానీ ఇథనాల్ తెచ్చే ఆక్టేన్ లాభంలో కొంత మనకన్నా ముందు రిఫైనరీ తినేస్తుంది. (84నీ 108నీ స్కూలు లెక్కలో సగటు తీస్తే 89 వస్తుంది, మరి ప్రభుత్వం 95 అంటోందేంటని అడగొద్దు, తక్కువ పాళ్లలో కలిపినప్పుడు ఇథనాల్ ప్రభావం దాని లెక్క కంటే ఎక్కువ ఉంటుంది.) సరే, మొత్తానికి మామూలు బంకులో 95 దొరకడం టర్బో కార్లకి నిజంగానే మేలు, ఇది ఒప్పుకోవాలి. ఈ20కి ట్యూన్ చేసిన కొత్త కారు కొన్నవాడు ఈ గోలంతా చదవక్కర్లేదు, హాయిగా తిరగొచ్చు.

ఇప్పుడు నా సీసా గుర్తు తెచ్చుకోండి. నీళ్లు పడి ఇథనాల్ కిందికి దిగిపోతే పైన మిగిలేది ఏంటి? దాదాపు ఆ 84 పెట్రోల్. కింది పొర ఇంజిన్‌ని ఆపేస్తుంది, అది కనపడే నష్టం. పై పొర నాకింగ్ తెచ్చి పిస్టన్‌ని తింటుంది, అది కనపడని నష్టం. అన్న ఆ మాట చెప్పినప్పుడు నాకు నిజంగా వణుకు పుట్టింది.

మరి హుషారు కార్లకి ముందు ముందు ఏం రావాలి? ఈ85 రావాలని మా వాట్సాప్ గ్రూపులో అందరూ కలలు కంటారు. నాకైతే ఈ30 చాలనిపిస్తుంది. కారణం చెప్తా. ఈ మధ్య టర్బో కార్లు చాలావరకు డైరెక్ట్ ఇంజెక్షన్ (ఇంధనాన్ని నేరుగా ఇంజిన్ సిలిండర్‌లోకే కొట్టే పద్ధతి), హై ప్రెషర్ పంపు ఒకటి ఉంటుంది, అది పెట్రోల్ లెక్కకి చేసింది. ఈ85 పోస్తే 40 శాతం దాకా ఎక్కువ పారాలి, ఆ పంపు అంత తోడలేదు, పంపు మార్చాలి, ఇంజెక్టర్లు మార్చాలి, ఆయిల్ కూడా త్వరగా మార్చాలి. అదే మూడో వంతుకి కాస్త తక్కువ ఇథనాల్ ఉంటే, ఉన్న పంపుతోనే, ఈసీయూ ట్యూన్ ఒక్కటి మార్చి, చల్లదనం లాభంలో చాలా భాగం లాగొచ్చు. అమెరికాలో ట్యూనింగ్ కుర్రాళ్లు ఈ85ని 93 ఆక్టేన్ పెట్రోల్‌తో కలుపుకుని చేసేది ఇదే, ట్యాంకు నింపుతూ ఫోన్లో లెక్కలేసుకుంటూ. బ్రెజిల్ 2025 ఆగస్టు 1 నుంచి మామూలు పెట్రోల్‌లోనే 30 శాతం కలుపుతోంది. వాళ్లది యాభై ఏళ్ల అనుభవం, 1975లో మొదలుపెట్టారు, 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ ఫ్లెక్స్ వచ్చాక ఏ పాళ్లలో పోసినా నడిచే బండి అక్కడ మామూలు విషయమైపోయింది.

శాతం కంటే ముఖ్యమైనది ఇంకోటుంది, నా పద్నాలుగు వేలు నేర్పిన పాఠం అదే. ట్యాంకులో ఏముందో ఇంజిన్‌కి తెలియాలి. అమెరికాలో ఈ85 అని అమ్మేదాంట్లో కూడా 51 నుంచి 83 శాతం దాకా ఎంతైనా ఉండొచ్చు, సీజన్‌ని బట్టి మారుస్తారు, చలికాలంలో ఇథనాల్ ఎక్కువైతే బండి స్టార్ట్ కాదు మరి. అందుకే డీమన్ లాంటి కార్లలో ఇంధనం పైపు మధ్యలో ఒక సెన్సర్ పెడతారు. అన్న దగ్గర ఒకటుంది, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, రెండు వైపులా పైపు మూతులు, మూడు వైర్ల ప్లగ్గు. లోపల పారేదాని విద్యుత్ గుణాన్ని కొలుస్తుంది, పెట్రోల్‌కీ ఇథనాల్‌కీ ఆ గుణంలో పది రెట్లకు పైగా తేడా. సున్నా ఇథనాల్ అయితే 50 హెర్ట్‌జ్, నూటికి నూరు అయితే 150. అంటే నంబర్లోంచి 50 తీసేస్తే అదే శాతం! ఇంత సులువైన లెక్క ఇంజనీర్లు ఎప్పుడో గానీ పెట్టరు. ఈసీయూ ఆ నంబర్ చూసి స్పార్క్, బూస్ట్, ఇంధనం అప్పటికప్పుడు మార్చుకుంటుంది. ఇది ఫ్యాక్టరీలోనే అమర్చి ఇస్తే బంకులో ఈరోజు 18, రేపు 27 అయినా నాకేం బాధ?

మన దగ్గర ఆ దారిలో చిన్న చిన్న అడుగులు పడ్డాయి. టీవీఎస్ 2019లోనే అపాచీ 200 ఈ100 తెచ్చింది, కానీ అప్పుడు దాంట్లో పోయడానికి ఇథనాల్ అమ్మే బంకు లేదు. హోండా సీబీ300ఎఫ్, సుజుకీ జిక్సర్ ఎస్ఎఫ్ 250ల్లో ఫ్లెక్స్ రకాలు వచ్చాయి. టయోటా 2023 ఆగస్టులో ఫ్లెక్స్ హైక్రాస్ నమూనా చూపించింది. 2024 మార్చిలో ఇథనాల్ 100 అని 183 బంకుల్లో మొదలుపెట్టారు, మహారాష్ట్ర, కర్ణాటక, యూపీ, ఢిల్లీ, తమిళనాడు. పక్కనున్న మహారాష్ట్ర, కర్ణాటక ఉన్నాయి, మనం లేం.

ధర సంగతి తేలకపోతే ఇవేవీ నడవవు. బ్రెజిల్‌లో డ్రైవర్లకి ఒక బండ లెక్క ఉంది, ఇథనాల్ ధర పెట్రోల్ ధరలో 70 శాతం లోపుంటేనే పోయించుకుంటారు. 2025లో మన 107కి ఆ లెక్క వేస్తే 75. కానీ మక్కల (మొక్కజొన్న) నుంచి తీసిన ఇథనాల్‌ని అప్పుడు ఆయిల్ కంపెనీలు కొన్న ధరే లీటరు 71 రూపాయల 86 పైసలు. దాని మీద రవాణా, పన్ను, డీలర్ కమీషన్ పడితే 75 ఎక్కడ మిగులుతుంది? ఈ లెక్క అన్నకి చెప్తే "మన కస్టమర్ పవర్ కోసం పైసలు పెడ్తడు గనీ మిగిల్నోళ్లు ఎందుకు పోస్తరన్నా, మన పది మంది కోసం పంపు పెట్టరు" అన్నాడు. అన్న మాటే కరెక్టు. హుషారు కార్ల కోసం ఎవరూ విడిగా బంకు పెట్టరు, మామూలు జనం బండ్ల వెనకాలే మనకీ రావాలి.

ఇంకో వైపు కూడా ఉంది, అది నేను షెడ్డులో కూర్చుని మాట్లాడగలిగేది కాదు. మా మేనమామది నిర్మల్ వైపు. మూడెకరాల్లో మక్క వేస్తాడు. 2024 నవంబర్‌లో ఆ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కారు, హైవే మీద బైఠాయించారు, చివరికి ప్రభుత్వం పనులు ఆపించింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులోనూ ఇలాంటి పోరాటమే నడిచింది. మామని అడిగా, నీ మక్కలు ఆ ఫ్యాక్టరీకే కదా పోయేది, మరి నువ్వెందుకు వద్దంటావని. "అల్లుడా, మక్కలు యాడైన అమ్ముకుంట. బోరుల నీళ్లు పాడైతే యాడ కొనుక్కోవాలె?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. వరిగడ్డితో తీసే రెండో తరం ఇథనాల్ ఉంది, పానిపట్‌లో 2022 ఆగస్టులో ఆ ప్లాంటు తెరిచారు, రోజుకి లక్ష లీటర్ల సామర్థ్యం. తిండి గింజ ముట్టుకోదు, దానికోసం విడిగా పంట వేసి నీళ్లు పారించనక్కర్లేదు. నా కారులో పోసుకునేది అదైతే మనసుకి కాస్త నిమ్మళంగా ఉంటుంది. కానీ అది చేయడం కష్టం, ఖర్చు, అందుకే ఇప్పుడు మన ట్యాంకుల్లోకి వచ్చేది దాదాపుగా అంతా చెరుకు, నూకలు, మక్కలే.

దీపావళికి మామ వాళ్లింటికి వెళ్లాం. అమ్మ వెనక సీట్లో, అరిసెల డబ్బా ఒళ్లో. బయల్దేరే ముందు రోజు బంకులో సీసాలోకి కొంచెం పట్టించి, సిలిండర్లో చూసి, పందొమ్మిది వచ్చాకే ట్యాంకు నింపించా, బంకు కుర్రాడు నన్నో పిచ్చోడిలా చూశాడు. నలభై నాలుగో నంబర్ హైవే మీద బండి గాలిలా పోయింది. నిర్మల్ దాటి ఊరి రోడ్డెక్కగానే బ్రేకు. సగం రోడ్డు మీద మక్కలు ఎండబోశారు, కిలోమీటర్ పొడుగునా పసుపు పరుపు, అంచున రాళ్లు పేర్చారు ఎవరూ తొక్కకుండా. ఒక ముసలవ్వ కాళ్లతో చాళ్లు చాళ్లుగా గింజలు తిరగేస్తోంది, నా కారు చూసి చెయ్యి అడ్డం పెట్టి ఆగమంది, ఆగా, ఎదురుగా వస్తున్న ట్రాక్టర్‌ని పోనిచ్చింది, తర్వాత నన్ను రమ్మంది.

ఇరవై స్పీడులో, రెండో గేర్లో, కుడి టైరు గింజల మీదికి పోకుండా కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటూ పోయా. మామ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇంత లేటయిందేంరా అన్నాడు. రోడ్డు మీద మక్కలున్నాయి మామా అన్నా. "ముందుగాల మూల మలుపు కాడ ఉన్నయి మనయే, తొక్కలేదు గద?" అన్నాడు. ధర ఎంత పలుకుతోందని అడిగితే మద్దతు ధర 2,400 అంట, ఇంటికొచ్చిన దళారి మాత్రం 1,900 అంటున్నాడంట.